గౌరి ముందు నేనడిగిన ప్రశ్న: మదనపల్లె నుంచి శాంతిపురం దాకా ఒక రోజు

ఈ ప్రయాణం నేను సరదాగా పెట్టుకున్నది కాదు. మదనపల్లెలో ఇంటర్న్‌షిప్ రిపోర్టుకు స్పైరల్ బైండింగ్ చేయించుకుని, ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే మునెమ్మ ఫోన్ చేసింది. కుప్పం దగ్గర శాంతిపురం మండలంలోని ఒక చిన్న ఊళ్లో పది వారాలు నేనున్నది వాళ్లింట్లోనే. బాగోగులు అడిగి వెంటనే విషయానికి వచ్చేసింది. వాళ్ల ఆవు గౌరి రెండు రోజులుగా దాణా ముట్టడం లేదట, పాలు పడిపోయాయట, డొక్కలు లోపలికి పోయాయట. "నీ కాగితంలో ఉండేట్టే పెడతాండానమ్మా. ఇంకా తగ్గించల్నా?" అని అడిగింది. ఆమె గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. ఆ కాగితం రాసింది నేనే.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. నేను బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి సంవత్సరం విద్యార్థిని. చివరి సంవత్సరంలో మమ్మల్ని ఊళ్లకు పంపుతారు. రైతు ఇంట్లో ఉండి, పొలం పనులు చూసి, పంటల గురించి, పశుపోషణ గురించి మనకు తెలిసింది వాళ్లకు చెప్పాలి, తెలియనిది వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. మొదటి భాగం నాకు బాగా వచ్చు. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు, నేను పుట్టి పెరిగింది ఆ క్వార్టర్స్‌లోనే. ఆవును దగ్గరగా చూసింది కాలేజీలో చేరాకే. అయినా మొదటి వారంలోనే మునెమ్మ కొట్టంలోకి వెళ్లి, గౌరి ముందు నిలబడి, పెన్ను తీసి, "ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అని అడిగాను. పొద్దున మూడు, సాయంత్రం మూడు అంది. పుస్తకంలో ఉన్న సూత్రం ప్రకారం లెక్క వేస్తే ఆరు లీటర్ల ఆవుకు ఆమె పెడుతున్న దాణా చాలా ఎక్కువ. మూడో వంతు తగ్గించవచ్చని తేల్చి, ఆఖరి వారంలో రంగు స్కెచ్ పెన్నులతో చార్టు రాసి, కొట్టం గోడకు అంటించి వచ్చాను. నా రిపోర్టులో పద్దెనిమిదో పేజీ అదే. 'దాణా వృథాను అరికట్టిన మహిళా రైతు' అని శీర్షిక, కింద చార్టు పక్కన నిలబడిన మునెమ్మ ఫోటో. మా గైడు సార్‌కు ఆ పేజీ బాగా నచ్చింది.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. ముందు పశువుల డాక్టరుకు ఫోన్ చేయించు, తర్వాత ఏడువు అంది. మునెమ్మ భర్త కృష్ణప్ప గ్రానైట్ పాలిషింగ్ పనికి బెంగళూరు వైపు వెళ్లి ఉన్నాడు, ఇంట్లో ఆమె ఒక్కతే. డాక్టరును పిలవమని చెబితే, మర్నాడు మధ్యాహ్నం వస్తానన్నాడని మునెమ్మ పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది. నేనూ వస్తున్నానని చెప్పాను. నువ్వెందుకమ్మా అంత దూరం, పరీక్షలు పెట్టుకుని అని ఆమె నన్నే ఓదార్చింది. ఆ ఓదార్పుకు నాకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడు ఉదయం ఆరుంబావుకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మగవాళ్లకు పుంగనూరు దాకా నలభై రూపాయల లోపే అవుతుంది. చలికాలం కాబట్టి కిటికీ అద్దం ఎంత గట్టిగా మూసినా సందులోంచి గాలి కోసేస్తుంది, శాలువా తప్పనిసరి. టమాటా క్రేట్లు ఎత్తుకున్న ఆటోలు, టెంపోలు ఎదురుగా మార్కెట్టు వైపు వస్తూ ఉంటాయి కాబట్టి ఊరు దాటడానికే కాస్త టైము పడుతుంది. మామూలుగా ఈ దారిలో నేను కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనైనా తగాదా పెట్టుకుంటాను. ఆ రోజు ఎక్కడ కూర్చున్నానో కూడా గుర్తు లేదు. పాఠ్యపుస్తకం ఫోన్‌లో తెరిచి, ఈనిన ఆవు దాణా ఎందుకు మానేస్తుందో వెతుక్కుంటూ కూర్చున్నాను. వెతికితే కారణాలు పన్నెండు దొరికాయి. వాటిలో నా చార్టు మాత్రం లేదు.

ఏడు గంటలకు పుంగనూరు. పలమనేరు బస్సుకు ఇంకా నలభై నిమిషాలుందని చెప్పారు. బస్టాండు బయట బండి మీద ఇడ్లీ, చిత్రాన్నం దొరుకుతాయి. నలభై రూపాయలకు కడుపు నిండుతుంది, పల్లీ చట్నీ కారంగా ఉంటుంది. పక్కనే ఒక పెద్దాయన పొట్టి పుంగనూరు ఆవును తాడు పట్టుకుని నిలబెట్టి టీ తాగుతున్నాడు. నా నడుము ఎత్తు కూడా లేదు ఆవు, తెల్లగా, తోక నేలకు రాస్తూ ఉంది. పశువుల గురించి చదివే పిల్లను కదా, నోరు ఊరుకోలేదు. ఎన్ని పాలిస్తుంది తాతా అని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, ఆవు వీపు మీద చెయ్యేసి, దాన్ని కాస్త అవతలికి తిప్పాడు.

"దూడకు సరిపోతాదమ్మా" అన్నాడు.

ఎంతో చెప్పండి అని మళ్లీ అడిగాను. దూడ తాగినాక మిగిలితే మాకు అని నవ్వి, నన్ను ఏ ఊరు, ఎవరి పిల్లవు అని ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. నేను ముగ్గురి ప్రశ్నలకు సరిపడా జవాబులు చెప్పాను గానీ నా ఒక్క ప్రశ్నకు జవాబు రాలేదు. ముసలాయనకు మొండితనం అనుకుని బస్సెక్కాను. అప్పటికీ నా బుర్రకు ఎక్కలేదు.

పుంగనూరు నుంచి పలమనేరు గంటలోపే. అక్కడ దిగి, వీకోట మీదుగా కుప్పం వెళ్లే బస్సు పట్టుకోవాలి. కొన్ని బస్సులు బైరెడ్డిపల్లె వైపు తిరిగి వెళ్తాయి, కాబట్టి ఎక్కే ముందు శాంతిపురం పోతుందా అని కండక్టరును అడగడం మంచిది. పలమనేరు దాటితే మాట మారుతుంది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో పోట్లాడుకుని తమిళంలో రాజీ పడ్డారు. దారి పొడవునా మల్బరీ తోటలు, గుట్టలు, మధ్య మధ్య కోసి పెట్టిన గ్రానైట్ రాళ్లు. చూడటానికి బాగుంటుంది, మనసు బాగున్న రోజు వెళ్లండి. పదకొండు దాటుతుండగా శాంతిపురంలో దిగాను.

అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో ఇరవై రూపాయలు. ఆటో నారాయణప్పకు నేను తెలుసు, పది వారాలు తిప్పిన మనిషి. చార్టులు ఏవి, ఈసారి చేతులూపుకుంటూ వచ్చావే అని నవ్వాడు. గౌరికి బాగాలేదట కదన్నా అన్నాను. అవునంట, మునెమ్మక్క రెండు దినాలుగా సరిగా అన్నం తినలేదు, ఆ ఇంటికి ఆవే కదా సంపాదన అని ముందుకు చూస్తూ చెప్పాడు. ఆటో దిగేటప్పుడు డబ్బులు ఇస్తే, పోయి దాన్ని సూడమ్మా మొదుట అని పంపించాడు.

నేరుగా కొట్టంలోకి వెళ్లి గౌరిని చూశాను. నేను ఈ ఊరు వదిలి వచ్చేటప్పుడు నిగనిగలాడుతూ ఉన్న నలుపు తెలుపు ఆవు, ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది. తల వాల్చి గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. తొట్టిలో కలిపిన దాణా అలాగే ఉంది. దాని పక్కన గోడ మీద నా చార్టు, మూలలు కూడా లేవకుండా, గుండ్రటి అక్షరాలతో. మునెమ్మ దానికి ప్లాస్టిక్ కవరు కూడా తొడిగింది, పేడ చిందకుండా. ఆ కవరు చూసినప్పుడు నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

డాక్టరు పన్నెండున్నరకు బైకు మీద వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. జ్వరం చూశాడు, పొదుగు చూశాడు, కడుపు మీద చెవి పెట్టి విన్నాడు. తర్వాత గౌరి ముక్కు దగ్గరకు వంగి వాసన చూసి, నన్నూ చూడమన్నాడు. మాగిన పండులాంటి తియ్యటి వాసన. ఎన్ని దినాలాయె ఈని అని అడిగితే, మూడు నెలలు కావస్తాందని మునెమ్మ చెప్పింది.

"దాణా తగ్గించినారా?" అన్నాడు.

మునెమ్మ నా వైపు చూడకుండా, చీర కొంగు సర్దుకుంటూ జవాబిచ్చింది. "నేనే సార్. దాణా మూట అయిపాయ, తెచ్చేదానికి మనిషి లేకపాయ. అందుకే రోంత తగ్గించినా."

ఆమె వెనకాల రెండు దాణా మూటలు గోడకు ఆనించి ఉన్నాయి. నా చార్టు డాక్టరు తల పక్కనే ఉంది. ఆ అబద్ధం నా కోసం చెప్పిందని అర్థమయ్యాక నేను నోరు మూసుకుని ఉండగలిగే దాన్ని కాదు. ఆమె కాదు సార్, నేను తగ్గించమన్నాను, ఆరు లీటర్లకు లెక్క వేసి ఇచ్చాను అని గోడ మీది కాగితం చూపించాను. తిడతాడనుకున్నాను. ఆయన చార్టు పైనుంచి కింద దాకా తీరిగ్గా చదివాడు.

"లెక్క సరిగానే వేసినావు పాపా. కానీ ఆరు లీటర్ల ఆవుకు ఈ జబ్బు రాదు" అన్నాడు.

దీన్ని కీటోసిస్ అంటారు. పాలకు సరిపడా తిండి లేకపోతే ఆవు ఒంట్లో కొవ్వును కరిగించుకుని మరీ పాలిస్తుంది. ఎక్కువ పాలిచ్చే ఆవులకే ఎక్కువగా వస్తుంది. అంటే గౌరి ఇచ్చేది ఆరు కాదు. డాక్టరు ఆ ముక్క మునెమ్మ మొహం మీద అనలేదు. తన దగ్గరున్న గ్లూకోజు బాటిలు ఒకటి ఎక్కించాడు. ఇంకా బాటిళ్లు, తాగించే మందు తన దగ్గర లేవని, కుప్పంలో దొరుకుతాయని చీటీ రాసి ఇచ్చాడు. నాలుగు లోపల తెస్తే తాను మళ్లీ వచ్చి ఎక్కిస్తానన్నాడు. ఇవాళ అందితే నిలబడుతుంది, పడుకుంటే లేపడం కష్టం అని వెళ్తూ చెప్పాడు.

ఆయన వెళ్లాక మునెమ్మ నా చెయ్యి పట్టుకుని కొట్టం బయటికి, గడ్డివామి వెనక్కి తీసుకెళ్లింది. గౌరికి కనిపించనంత దూరం, వినిపించనంత దూరం. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ పొద్దు నువ్వు దాని ముందర నిలబడి గెట్టిగా అడిగితివి. పాలెన్నో దాని ముందర సెప్పకూడదమ్మా, దిష్టి తగులుతాది. అందుకే తగ్గించి సెప్పినా. నువ్వు రాసేసుకుంటివి."

మరి దాణా తగ్గించమన్నప్పుడైనా ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. నా గొంతులో కాస్త కోపం ఉందని ఒప్పుకుంటాను, నాకు కోపం తొందరగా వస్తుంది.

"యెట్లా సెప్పేది? అంత కష్టపడి రంగుల్తో రాసుకోనొస్తివి. సదువుకున్న పిల్ల, మంచికే సెప్తాండాది అనుకొంటి. అబద్ధం సెప్పినానని నీ ముందర ఒప్పుకునేదానికి సిగ్గయిపాయ."

ఆమె తగ్గించి చెప్పింది ఆవు మీద ప్రేమతో, దాణా తగ్గించింది నా మీద గౌరవంతో. ఆ రెండింటి మధ్య ఎండిపోయింది గౌరి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, చుట్టూ ఒకసారి చూసి, అసలు పాలెన్నో నా చెవిలో చెప్పింది. అప్పుడు గుర్తొచ్చాయి ఆ పది వారాల సాయంత్రాలు. సరిగ్గా పాలు పితికే వేళకు మునెమ్మకు ఏదో ఒకటి అవసరమయ్యేది, అగ్గిపెట్టె, కరివేపాకు, ఫోన్ రీఛార్జి. పంపించడానికి నేనే కనిపించేదాన్ని. నన్ను ఇంటి పిల్లలా చూసుకుంటోందని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాను.

శాంతిపురం నుంచి కుప్పం బస్సులో అరగంట పైన. బస్టాండు దగ్గర పశువుల మందుల అంగళ్లు రెండున్నాయి, ఒకటి మధ్యాహ్నం మూసి ఉంది. రెండో దాంట్లో ఉన్నాయన చీటీ చూసి, బాటిళ్లు కట్టిస్తూ, ఎన్ని లీటర్ల ఆవమ్మా అని మామూలుగా అడిగాడు. గౌరి అక్కడికి చాలా దూరంలో ఉంది, వినపడదు. అయినా నా నోటికి ఆ అంకె రాలేదు. దూడకు సరిపోతాదన్నా అన్నాను. ఆయన తల ఎత్తి నన్ను చూసి, నవ్వి, మందు ఎలా తాగించాలో రెండుసార్లు వివరంగా చెప్పాడు. నోరు మరీ పైకెత్తి పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే, ఆ రోజు మాత్రం శ్రద్ధగా విన్నాను.

మూడున్నరకు తిరిగి ఊళ్లో ఉన్నాను. డాక్టరు అన్నట్టే వచ్చి రెండు బాటిళ్లు ఎక్కించాడు. మందు నేనూ మునెమ్మా కలిసి కొంచెం కొంచెంగా తాగించాం, సగం నా చున్నీ మీద పడింది. దాణా ఒక్కసారిగా పెంచితే కడుపు చెడుతుందని, వారం పది రోజుల్లో మెల్లగా పాత లెక్కకు తీసుకురమ్మని చెప్పాడు. పాత లెక్క అంటే మునెమ్మ నేను రాకముందు పెట్టిన లెక్క. కాగితం లేకుండా, డబ్బాతో కొలిచి, ఆవు మొహం చూసి పెట్టేది. అది సరిగ్గా సరిపోయేదని ఆయన అంటుంటే మునెమ్మ తల వంచుకుంది గానీ, నవ్వు దాచుకోలేకపోయింది. గోడ మీది చార్టును నేనే తీసేశాను. ప్లాస్టిక్ కవరు మాత్రం ఆమె దాచుకుంది, రేషన్ కార్డుకు పనికొస్తుందట.

ఐదు గంటలవుతుండగా గౌరి తల ఎత్తింది. మునెమ్మ చేతిలోంచి గడ్డి పరకలు నాలుగు లాక్కుంది, నమిలింది, ఇంకా కావాలని మెడ చాచింది. నాకు ర్యాంకు వచ్చినప్పుడు కూడా నేను ఇంత సంతోషపడలేదు. పొద్దు వాలుతోంది, పాలు పితికే వేళయింది. మునెమ్మ పొదుగు కడిగి, చెంబు తీసుకుంది. ఈసారి ఆమె అడగకముందే నేను లేచి, అగ్గిపెట్టె ఏమైనా తేవాలా అని చెప్పుల కోసం చూశాను.

"యాడికి? కూర్చో ఈడ. దూడ తాడు పట్టుకో" అంది.

కూర్చున్నాను. ఆమె అటు తిరిగి పితకడం మొదలుపెట్టింది. చెంబులో మొదటి ధారల చప్పుడు, దూడ లాగుతున్న తాడు, గౌరి నెమరు. రాత్రి అనపగింజల పితికిపప్పు, రాగి ముద్ద తిని అక్కడే పడుకుని మర్నాడు పొద్దున బస్సుకు వచ్చేశాను. ఇది రాస్తున్నప్పటికి పది రోజులైంది. గౌరి దాణా పూర్తిగా తింటోందని నిన్న ఫోన్‌లో చెప్పింది.

రిపోర్టులో పద్దెనిమిదో పేజీ మార్చాను. జరిగింది జరిగినట్టు రాసి గైడు సార్ దగ్గరకు తీసుకెళ్తే ఆయన రెండుసార్లు చదివి, దీన్నే ముందు పెట్టమన్నాడు. ఇన్ని రోజులు నేను, రైతులకు తెలియనిది మనం చెప్పాలి అనుకుంటూ ఊళ్లు తిరిగాను. మునెమ్మకు తెలియనిది ఏమీ లేదు. తన ఆవు ఎంత తింటే ఎంత ఇస్తుందో ఆమె చేతులకు తెలుసు. కాగితం పట్టుకున్న పిల్లను కాదనే అలవాటు ఆమెకు లేదు, అంతే. ఆ అలవాటు లేని మనుషుల దగ్గరికి పోయి మనం గట్టిగా మాట్లాడితే, వాళ్లు మన మాట వింటారు. అదే భయం ఇప్పుడు నాకు.

ఈ వైపు ఇంటర్న్‌షిప్‌కు వచ్చే వాళ్లకు ఒక్కటే సలహా. కొట్టంలో నిలబడి పాలెన్ని అని అడగకండి. మొదటి వారం దూడ తాడు పట్టుకునే పని అడిగి తీసుకోండి, వాళ్లు మిమ్మల్ని కూర్చోమనే దాకా ఏ లెక్కా వేయకండి. ఆ సాయంత్రం గౌరి ఎన్ని పాలిచ్చిందో నేను కళ్లారా చూశాను. ఇక్కడ మాత్రం రాయను.